పాత బడి గదుల తలుపులు, తాళాలు, పిల్లల భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన బడి గదులు ఇంకా ఎన్నో వాడకంలో ఉన్నాయి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం కింద వచ్చిన రెండు గదులూ వరండా కట్టడాలు ఇప్పటికీ పల్లెల్లో కనిపిస్తాయి. గోడలకు రంగులు పడ్డాయి, బల్లలు వచ్చాయి, నల్లబల్ల పక్కన టీవీ వచ్చింది. తలుపు మాత్రం చాలాచోట్ల అప్పటిదే. హెచ్‌ఎంలు (ప్రధానోపాధ్యాయులు), బడి కమిటీ సభ్యులు, తల్లిదండ్రులు ఈ తలుపుల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలూ వాటికి జవాబులూ ఇవి.

తలుపు భద్రత అంటే దొంగలు పడకుండా చూసుకోవడమే కదా?

అది సగమే. బడి తలుపు రాత్రి బయటివాణ్ని లోపలికి రానివ్వకూడదు. పగలు లోపలున్న పిల్లను బయటికి పోకుండా ఆపకూడదు. మన పాత బడుల్లో శ్రద్ధంతా మొదటి పని మీదే. దొంగతనం జరిగిన ప్రతిసారీ ఒక గొళ్లెమో, ఒక గ్రిల్లో, ఒక గేటో పెరుగుతుంది. అవన్నీ బయటినుంచి వేసేవే. పదేళ్లు గడిచేసరికి పిల్లలు తప్పించుకునే దారి ఒక్కటే మిగులుతుంది, దాని మీదా అధికారం బయట నిలబడినవాడిదే.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. వంట దగ్గర పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. కిందికి దిగడానికి ఉన్నది ఇరుకు మెట్లు. ఆ ఘటన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో తీర్పిస్తూ, విద్యాహక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కూ ఉందని చెప్పింది. తలుపు గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ రెండో పనిని ముందు పెట్టుకోండి. టీవీ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.

మా గదులన్నిటికీ బయటవైపు ఆల్‌డ్రాప్ (కడ్డీ జరిపి వేసే గొళ్లెం) ఉంది. విరామంలో ఎవరో పిల్లవాడు ఆటకు వేసేస్తాడు, లోపలివాళ్లు ఇరుక్కుపోతారు. తీసేయమంటారా?

తీసేయనక్కర్లేదు, రాత్రి తాళానికి అదే ఆధారం. పగలు అది ముందుకు జరగకుండా చేస్తే చాలు.

ఆల్‌డ్రాప్‌ను దగ్గరగా చూడండి. కడ్డీ ముందుకు జరిగి ద్వారబంధంలోని రంధ్రంలో దూరుతుంది. దాని పిడిలో ఉన్న చీలిక తలుపు మీది కొండీ మీద కూర్చుంటుంది, ఆ కొండీకి తాళం కప్ప వేస్తాం. మామూలుగా కొండీ ఒక్కటే ఉంటుంది, మూసిన స్థితికి సరిపోయేలా. కడ్డీని పూర్తిగా వెనక్కి లాగినప్పుడు పిడి ఎక్కడ ఆగుతుందో సున్నంతో గుర్తు పెట్టి, అక్కడ అలాంటిదే రెండో కొండీ బిగించండి. ఇనుప తలుపైతే వెల్డింగ్, చెక్క తలుపైతే నట్టూ బోల్టూ. పొద్దున గది తెరిచాక కడ్డీని వెనక్కి లాగి, అదే తాళం కప్పను రెండో కొండీకి వేసి చెవి తీసుకెళ్లిపోవాలి. సాయంత్రం దాకా ఆ గొళ్లెం ఎవరూ వేయలేరు. కప్ప కిటికీలో పెట్టి మరిచిపోవడం, పిల్లలు దానితో ఆడటం కూడా ఉండదు.

ఊళ్లో వెల్డింగ్ షాపు అతను ఒక పూటలో బడి మొత్తానికి చేసే పని ఇది. ఈ పేజీలో ఒక్క సలహాయే పాటించగలిగితే దీన్నే పాటించండి.

తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా?

జనం పోగయ్యే గదులకు బయటికే. దేశ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం బయటపడే తలుపు బయటికి తెరుచుకోవాలి, వెడల్పు కనీసం 1000 మి.మీ., ఎత్తు కనీసం 2000 మి.మీ. ఉండాలి, లోపలివాళ్లు తాళంచెవి అవసరం లేకుండా తీసుకోగలగాలి. 45 మందికి మించి పట్టే తరగతి గదికి రెండు ద్వారాలు కావాలి. కారణం తెలిసిందే: భయంతో పిల్లలంతా ఒక్కసారిగా తలుపు మీద పడితే, లోపలికి తెరుచుకునే రెక్కను వెనక్కి లాగే చోటు ఉండదు.

పాత గదుల తలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకుంటాయి. ద్వారబంధం గట్టిగా ఉంటే దాన్ని కదిలించకుండా బందులు బయటివైపుకు మార్చి రెక్క తిప్పించవచ్చు. పాత గాడి పూడ్చి కొత్త గాడి కొట్టాలి, మంచి వడ్రంగికి కష్టమైన పనేం కాదు. తెరిచిన రెక్క వరండా దారికి అడ్డం రాకుండా గోడకు పూర్తిగా ఆనేలా చూసుకోండి.

అదీ కుదరని గదిలో ఇంకో పని చేయండి. పాత తలుపులు చాలావరకు రెండు రెక్కలవి. నాలుగడుగుల ద్వారం ఉంటుంది కానీ ఒక రెక్కకు పైనా కిందా గడియలు వేసి, రెండో రెక్కనే వాడతారు. అంటే నలభై మంది పిల్లలకు దారి రెండడుగులే. తరగతి జరుగుతున్నంతసేపూ రెండు రెక్కలూ తెరిచి, గోడకు కొక్కెంతో తగిలించి ఉంచండి. గాలికి కొట్టుకోవు, వెలుతురూ వస్తుంది.

బయటికి తెరిస్తే బందులు బయటివైపు వస్తాయి. దొంగ వాటి పిన్నులు ఊడదీసి తలుపే తీసేయడా?

ఊడదీస్తాడు. చాలామంది ఇంజినీర్లు తలుపు తిప్పమని చెప్పి, ఈ మాట చెప్పడం మరిచిపోతారు. ఇనుప తలుపైతే బందు పిన్ను రెండు కొసల్లోనూ ఒక చుక్క వెల్డింగ్ పెట్టించండి. చెక్క తలుపుకైతే బందు ఉన్న అంచులోనే ఒక ఇనుప మేకు లాంటి పొట్టి కడ్డీ బిగించి, దానికి ఎదురుగా ద్వారబంధంలో రంధ్రం చేయించండి. తలుపు మూసినప్పుడు కడ్డీ ఆ రంధ్రంలో కూర్చుంటుంది. అప్పుడు పిన్నులు పోయినా రెక్క కదలదు. పైన ఒకటి, కింద ఒకటి చాలు.

తాళం కప్ప ఖరీదైనదే కొన్నాం. దొంగలు దాన్ని ముట్టుకోకుండా గొళ్లెం మొత్తం పెరికేశారు. ఇప్పుడేం చేయాలి?

పాత బడుల్లో దొంగతనాలు ఎక్కువగా జరిగేది ఇలాగే. మంచి కప్ప మీద ఖర్చు పెడతాం, దాన్ని మోసే నాలుగు స్క్రూలను పట్టించుకోం. ఏళ్ల తరబడి వాడకంలో స్క్రూ రంధ్రం వదులవుతుంది, చుట్టూ చెక్క మెత్తబడుతుంది. గడ్డపార కొస పెట్టి ఒక్కసారి ఎత్తితే గొళ్లెం, స్క్రూలు, పెళ్లలు కలిసే ఊడివస్తాయి. మీ తలుపు దగ్గరికి వెళ్లి గొళ్లెం పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కదిలిందంటే తాళం ఉన్నా లేనట్టే.

బాగుచేసేటప్పుడు అదే రంధ్రంలో లావు స్క్రూ దిగ్గొట్టొద్దు. తలుపు మందమంతా దాటి లోపలికి వచ్చే బోల్టు వేయించండి. బోల్టు తల బయటివైపు, గుండ్రంగా నున్నగా, స్పానర్‌కు పట్టు దొరకనిదై ఉండాలి. లోపలివైపు వెడల్పాటి వాషర్ లేదా ఒక ఇనుప పట్టీ పెట్టి నట్టు బిగించాలి. పట్టీ ఉంటే లాగినప్పుడు బలం ఒక్క రంధ్రం మీద పడదు.

ఆ తర్వాత ద్వారబంధం చూడండి. కడ్డీ దూరే రంధ్రం చుట్టూ చెక్క చీలి ఉంటే అక్కడ ఇనుప రేకు తొడిగించండి. ద్వారబంధం అడుగుభాగం, నేలకు ఆనేచోట, చెదలు ముందుగా పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగిపోతే పైన ఎంత రంగు వేసినా లాభం లేదు. చెడిన ముక్క కోసి కొత్తది అతికించాలి, లేదా బంధమే మార్చాలి. చెదల మందు కొట్టించేది ఉంటే వేసవి సెలవుల్లోనే, పిల్లలు లేనప్పుడే.

పాత టేకు తలుపులు తీసేసి ఇనుప రేకు తలుపులు పెట్టమని కమిటీలో అంటున్నారు. మంచిదేనా?

తొందరపడొద్దు. అరవై ఏళ్ల నాటి టేకు రెక్క గట్టిగా ఉంటే ఇవాళ దొరికే పలుచని రేకు తలుపు కంటే అదే మేలు. దానికి కావలసింది కొత్త బందులు, సరైన బోల్టులు, అడుగున ఒక అల్యూమినియం పట్టీ. నిజాం కాలం నాటివి, బ్రిటిష్ కాలం నాటివి అయిన భవనాల్లో ఆ తలుపులు కట్టడంలో భాగం కూడా. వేలంలో చెక్క ధరకు పోయాక తిరిగి రావు.

రేకు తలుపు వేయక తప్పకపోతే రేకు మందం, లోపలి చట్రం అడ్డకమ్మీలు చూసి కొనండి. ముందే తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ పూత వేయించండి. తీరప్రాంతంలో ఉప్పుగాలికి అడుగు అంచు తుప్పుపట్టి రెండు మూడేళ్లకే చేతితో విరిగేంత అవుతుంది. నీళ్లు తగిలేచోట ప్లైవుడ్ తలుపు వేయొద్దు, ఉబ్బి పట్టేస్తుంది. పట్టేసిన తలుపు చిన్నపిల్ల తీయలేదు.

దొంగతనాల భయంతో వరండా మొత్తానికి గ్రిల్ కట్టి ఒక గేటు పెట్టాం. ఫర్వాలేదా?

ఇలాంటి వరండా చూస్తే నాకు భయమేస్తుంది. ఆరు గదులకు ఆరు తలుపులున్నా బయటపడే దారి ఒక్కటే అయిపోయింది. ఆ గేటు పక్కనే వంటగది గ్యాస్ సిలిండరో, కరెంటు మీటరు బోర్డో ఉండటం కూడా మామూలే. నిప్పు పుట్టేదీ అక్కడే, పిల్లలు పరుగెత్తాల్సిందీ అటే.

గ్రిల్ ఉంచుకోండి, రెండో కొసన ఇంకో గేటు పెట్టించండి. బడి వేళల్లో రెండూ తెరిచే ఉండాలి. మూయక తప్పని పరిస్థితి ఉంటే, కుక్కలు వస్తున్నాయనో, చిన్నపిల్లలు రోడ్డు మీదికి పోతున్నారనో, లోపలినుంచి పెద్దవాళ్లు చేత్తో తీయగలిగే గడియ వేయండి, తాళం వద్దు. మడత గేట్లు పట్టాల్లో మట్టి చేరి మొరాయిస్తాయి, వారానికోసారి ఊడ్చి నూనె వేయించాలి. పై అంతస్తు ఉన్న బడిలో మెట్ల దారికి అడ్డంగా పెట్టిన గేటు మరీ ప్రమాదం. బడి నడుస్తున్నప్పుడు దానికి తాళం ఏ కారణం చేతా పడకూడదు.

నెలకోసారి పిల్లలతో బయటపడే అభ్యాసం చేయించండి. ఒకసారి ప్రధాన గేటు మూసేశామని చెప్పి చేయించండి. రెండో దారి పనిచేస్తుందో లేదో ఆ రోజే తెలుస్తుంది.

తరగతి గదికి లోపలివైపు గడియ ఉండాలా?

ఇది కష్టమైన ప్రశ్న. తాగినవాడో, కోపంతో ఊగిపోతున్న మనిషో ఆవరణలోకి వస్తే పిల్లల్ని లోపల పెట్టుకుని తలుపు వేసుకునే వీలు టీచరుకు ఉండాలి. కానీ అదే గడియను ఒక చిన్నపిల్ల వేసుకుని తీసుకోలేకపోవచ్చు. అంతకన్నా ఘోరం, పిల్ల మీద చెడు ఉద్దేశం ఉన్న పెద్దవాడు దాన్ని వాడుకోవచ్చు. బడుల్లో పిల్లల మీద లైంగిక నేరాల కేసులు నమోదవుతున్నాయి, ఇలాంటి నేరాల నుంచి పిల్లల్ని కాపాడటానికే 2012లో పోక్సో చట్టం వచ్చింది. తలుపు గురించి మాట్లాడేటప్పుడు ఈ విషయం దాటేయకూడదు.

నేను చెప్పేదేమిటంటే, లోపలి గడియ ఒక్కటే ఉండాలి, పెద్దవాళ్ల భుజం ఎత్తులో, ఒక చేత్తో ఒక్క కదలికలో తీసేలా. పైనా కిందా మధ్యలో మూడు గడియలు వద్దు. ప్రాథమిక తరగతుల్లో పిల్లల చేతికి అందే గడియలు తీసేయండి. కొత్త తలుపు వేస్తుంటే, బయటినుంచి చెవితో, లోపలినుంచి పిడి తిప్పితే ఎప్పుడైనా తెరుచుకునే తాళం పెట్టించండి. దాని చెవి హెచ్‌ఎం గదిలోనూ ఉండాలి.

ప్రతి గది తలుపుకూ కంటి ఎత్తున ఒక అద్దం పలక ఉండాలి. జానెడు వెడల్పు చాలు, కానీ పగిలినా ముక్కలు చెదరని గాజు కావాలి. పాత చెక్క తలుపులో ఒక పలక కోసి బిగించవచ్చు. ఆఫీసు గది, స్టాఫ్ రూమ్, ల్యాబ్, ఆటవస్తువుల గది, వీటికి తరగతి గదుల కంటే ముందు పెట్టించండి. ఆ అద్దం మీద చార్టులు, క్యాలెండర్లు అంటించనివ్వొద్దు.

సాయంత్రం తాళం వేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

గదిలోకి అడుగుపెట్టి, బల్లల కింద, తలుపు వెనక చూడాలి. గుమ్మంలో నిలబడి చూసి తాళం వేస్తే, చివరి బల్ల మీద నిద్రపోయిన పిల్ల కనబడదు. ఇలా పిల్లలు రాత్రంతా గదిలో ఉండిపోయిన వార్తలు మనం చదివాం. మరుగుదొడ్లు కూడా చూడాలి. ఈ పని నాలుగో తరగతి పిల్లలకు అప్పజెప్పొద్దు. తాళం వేసే పెద్దవాళ్లే చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలి?

రెండు జతలు. ఒకటి రోజూ తెరిచేవారి దగ్గర, రెండోది హెచ్‌ఎం గదిలో, గది నంబరు చెక్కిన బిళ్లలతో. ఊళ్లో ఉండే కమిటీ సభ్యుల్లో ఒకరి దగ్గర ప్రధాన గేటు చెవి ఉంటే రాత్రి ఏదైనా జరిగినప్పుడు పనికొస్తుంది. హెచ్‌ఎం పక్క మండలంలో కాపురముంటూ చెవులన్నీ వెంట తీసుకెళ్లడం మంచిది కాదు.

బడి మన చేతిలోనే ఉండదు. ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రం అవుతుంది, తుపాను వస్తే ఆశ్రయం అవుతుంది. అలా ఇచ్చిన ప్రతిసారీ, తిరిగి తీసుకునేటప్పుడు చెవులు లెక్కపెట్టుకోండి, తలుపులు చూసుకోండి. ఒక్క చెవి తక్కువైనా ఆ కప్ప మార్చేయండి, కొత్త కప్పకయ్యే ఖర్చు చిన్నది. సిబ్బంది బదిలీ అయినప్పుడూ అంతే.

ట్యాబులు, టీవీలు, మధ్యాహ్న భోజనం బియ్యం ఎక్కడ పెట్టాలి?

అన్ని గదులనూ కోటలుగా మార్చకుండా ఒక్క గదిని గట్టి చేయండి. లోపలి వరుసలో, రోడ్డుకు కనబడని గది అయితే మేలు. కిటికీ కమ్మీలు గోడలోకి దిగి ఉండాలి, చట్రానికి స్క్రూలతో బిగించినవి కాకుండా. విలువైన వస్తువుల నంబర్లు స్టాక్ రిజిస్టర్‌లో రాసి ఉంచితే ఫిర్యాదుకు పనికొస్తుంది. బియ్యం వేరే గదిలో పెట్టండి, వంటవాళ్లకు రోజూ కావాలి కాబట్టి. విలువైన గదికి ఎంతమంది వెళితే అంత బలహీనం.

తలుపు కింద సందులోంచి పాములు, కుక్కపిల్లలు వస్తున్నాయి.

రెక్క అడుగున లోపలివైపు రబ్బరు పట్టీ బిగించండి. సిమెంటుతో ఎత్తు గడప కట్టొద్దు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లకు అది గోడే, పరుగెత్తే పిల్లల కాలికీ తగులుతుంది. గడప ఉంటే 12 మి.మీ. దాటకుండా, అంచులు వాలుగా ఉండాలి.

అంగన్‌వాడీ పిల్లలు కూడా మా ఆవరణలోనే ఉన్నారు. వేళ్లు నలుగుతున్నాయి.

నలిగేది ఎక్కువగా బందుల వైపు సందులో. ఆ సందు మీద పొడుగునా రబ్బరు లేదా రెగ్జిన్ పట్టీ కొట్టించండి. రెక్కను కొక్కేనికి తగిలించి ఉంచితే సగం ప్రమాదం తగ్గుతుంది.

దీనికి డబ్బు ఎక్కడిది?

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ప్రతి ప్రభుత్వ బడికీ ఏటా కాంపోజిట్ గ్రాంటు (నిర్వహణ ఖర్చుల డబ్బు) ఉంటుంది. 30 మంది దాకా ఉన్న బడికి 10 వేలు, 100 మంది దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, 1000 దాకా 75 వేలు, ఆపైన లక్ష రూపాయలు. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ అందులోనే కాబట్టి మిగిలేది తక్కువ. అయినా కొండీలు, బోల్టులు, రబ్బరు పట్టీలు దాంట్లో సరిపోతాయి.

పెద్ద పనులకు కమిటీ తీర్మానం చేసి, విద్యాహక్కు చట్టం చెప్పిన పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో తలుపుల పేరు విడిగా రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022 నాటి మన ఊరు-మన బడి పథకాల్లో మరమ్మతులకు చోటు ఉండేది, తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకూ ఆ పని అప్పగించారు. అంచనా రాయడానికి వచ్చిన ఇంజినీరుకు ‘చిల్లర మరమ్మతులు’ అని చెబితే రంగులు, టైల్స్ రాసుకుని వెళ్తారు. తలుపు తలుపుకూ ఫోటో తీసి, ఏ గదికి ఏం కావాలో కాగితం మీద పెట్టి ఇవ్వండి.

గోడే బీటలు వారింది. తలుపు మార్చినా ఉపయోగం ఉందా?

లేదు. ద్వారబంధం పైమూల నుంచి ఏటవాలుగా బీట పోతున్నా, నిన్నటిదాకా బాగా పడిన తలుపు ఈ వర్షాలకు పట్టేస్తున్నా, గోడ కదులుతున్నట్టు అనుమానించాలి. పిల్లల్ని ఆ గదిలోంచి తీసేయండి, ఇంజినీరుతో పరీక్ష చేయించమని ఎంఈఓకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఇవ్వండి. జీర్ణ భవనం అని తేలితే ఆ గదికి తాళం వేసి ఉంచాలి. స్టోర్ రూమ్‌గా కూడా వాడొద్దు.

మేం అమెరికాలో ఉంటున్న పూర్వ విద్యార్థులం. ఇక్కడ మా పిల్లల బడుల్లో ఉన్నట్టు మా ఊరి బడికి డిజిటల్ తాళాలు పంపాలనుకుంటున్నాం.

మీ ఆలోచనకు కృతజ్ఞతలు. కానీ ఆ తాళాలు వద్దు. కరెంటు కోతలు, వానాకాలపు తేమ, బ్యాటరీ అయిపోతే మార్చేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ కలిసి ఏడాదిలోపే వాటి పక్కన మళ్లీ ఆల్‌డ్రాప్ వెలుస్తుంది.

మీరున్నచోటి అనుభవంలో మాకు పనికొచ్చేది వేరే ఉంది. 2012 డిసెంబరు 14న శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతమయ్యాక ఏర్పడిన కమిషన్, తరగతి తలుపులు లోపలినుంచి తాళం వేసుకునేలా ఉండాలని సిఫారసు చేసింది. అక్కడి పాత బడుల్లో చాలా తలుపులకు టీచరు వరండాలోకి వచ్చి చెవి తిప్పితేనే తాళం పడేది. అయినా అక్కడి అగ్నిమాపక నియమాలు ఒక పట్టు విడవలేదు: లోపలున్నవాళ్లు చెవి లేకుండా తలుపు తీయగలగాలి. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల ఘటన మీద శాసనసభ కమిటీ ఇచ్చిన నివేదికలో ఇంకో మాట ఉంది. ఒక గది తాళం సరిగా పడటం లేదని బడిలో తెలుసు, మరమ్మతు కోరుతూ కాగితం మాత్రం ఎవరూ పెట్టలేదు.

అక్కడి ముప్పు మన ఊరి ముప్పు ఒకటి కాదు. తాళం చెడిందని తెలిసీ ఊరుకోవడం మాత్రం రెండుచోట్లా ఉంది. కాబట్టి వస్తువు పంపేకన్నా, ఏటా వేసవిలో వడ్రంగినీ వెల్డరునూ రెండు రోజులు బడికి పంపే ఖర్చు భరించండి. ఏ గది తలుపు ఏ స్థితిలో ఉందో హెచ్‌ఎం జాబితా రాస్తారు, పని అయ్యాక ఫోటోలు పంపుతారు. మొదటి ఏడాది జాబితాలో రెండో కొండీ, వరండా రెండో గేటు, తలుపుల్లో అద్దం పలకలు పెట్టించండి. డబ్బు ఇంకా మిగిలితే ద్వారబంధాలు చూద్దాం.